పందిరి ఖర్చు ఎవరిది?

(శావల్యాపురంలో కన్నెగంటి హనుమంతు స్మృతిలో చేసిన ఉపన్యాస పాఠం)



హనుమంతు పేరిట మాట్లాడమన్నప్పుడు ఆయన జీవితకథ చెప్పడం ఒక పద్ధతి. పల్నాడులో ఆ కథ నేను చెప్పనక్కర్లేదు. దుర్గి మండలం మించాలపాడు ఎక్కడుందో మీకు తెలుసు. నల్లమల అంచున పశువుల్ని మేపుకున్నందుకు, కట్టెపుల్లలు తెచ్చుకున్నందుకు తెల్ల సర్కారు అడిగిన పుల్లరి ఏమిటో మీ ఇళ్ళలో పెద్దలు చెప్పే ఉంటారు. 1922లో ఆ మనిషి పోలీసు తూటాలకు ఎలా ఒరిగాడో కూడా విని ఉంటారు. నేను ఆయన ప్రశ్న ఒక్కటే తీసుకుంటాను. ఈ డబ్బు మేమెందుకు కట్టాలి? కట్టింది ఎక్కడికి పోతోంది?

పుల్లరి అన్యాయమైన పన్ను. అయినా దానికొక రేటు ఉంది, వసూలు చేసే ఉద్యోగి ఉన్నాడు, వెనక ఒక చట్టం ఉంది. కంటికి కనపడే పన్ను కనుకనే ఊళ్ళు కూడబలుక్కుని కట్టమని చెప్పగలిగాయి. ఈనాడు మన మండలాల్లో ఇంకో వసూలు నడుస్తోంది. నాయకుడు గెలిస్తే విజయోత్సవం, పదవి వస్తే పౌరసన్మానం, ఏడాది తిరిగితే పుట్టినరోజు, పార్టీ మహాసభకు జనసమీకరణ. వీటికి డబ్బు ఎవరో పెడతారు. మిల్లు యజమాని, క్రషర్ యజమాని, కాంట్రాక్టరు, ప్రైవేటు స్కూలు నడిపే పెద్దమనిషి, రేషను డీలరు, ఎరువుల కొట్టు ఆసామి. కొందరు ఇష్టంగానే ఇస్తారు. కొందరు ముందుచూపుతో ఇస్తారు. కొందరు ఇవ్వకపోతే ఏమవుతుందోనని ఇస్తారు. ముగ్గురి డబ్బూ ఒకే పందిట్లో ఖర్చవుతుంది. ఇది రసీదు లేని పుల్లరి. రేటు తెలియదు, వసూలు చేసేవాడి పేరు కాగితం మీద ఉండదు, మిగిలింది ఎక్కడికి పోయిందో అడిగే నాథుడు లేడు. అందుకే ఎదిరించేవాడూ లేడు.

పండుగలు వద్దని నేను అనను. కారంపూడిలో వీరుల తిరునాళ్ళు, కోటప్పకొండకు శివరాత్రి ప్రభలు చేసుకునే నేల ఇది. మనకు ఉత్సవం చేయడం ఎవరూ నేర్పనక్కర్లేదు. నచ్చిన నాయకుడు గెలిస్తే నాలుగు టపాకాయలు కాల్చుకోవడం, ఒక పూలదండ వేయడం ప్రజల హక్కు. నేను అడిగేది లెక్క మాత్రమే. ఎనభై, తొంభై అడుగుల ప్రభ కట్టే ఊళ్ళలో చందా పుస్తకం ఉంటుంది. ఎవరెంత రాశారో, కరెంటుకు ఎంతయిందో, మేళానికి ఎంతిచ్చారో తిరునాళ్ళ తర్వాత పదిమందిలో చెప్పాలి. చెప్పకపోతే మరుసటేడు చందా పుట్టదు. దేవుడి పేరిట ఎత్తిన డబ్బుకే మనం లెక్క అడుగుతున్నాం. రేపు మన మీద సంతకం పెట్టే అధికారం ఉన్న మనిషి పేరిట ఎత్తిన డబ్బుకు అడగడం లేదు.

చట్టం ఎక్కడిదాకా వచ్చి ఆగిందో చూద్దాం. 2024 మే 13న మన వినుకొండ నియోజకవర్గంలో పోలింగు జరిగింది. జూన్ 4న ఫలితం వచ్చింది. నామినేషన్ వేసిన రోజు నుంచి ఆ జూన్ 4 వరకు అభ్యర్థి పెట్టిన ప్రతి ఖర్చుకూ లెక్క ఉంది. అసెంబ్లీకి 40 లక్షల పరిమితి, లోక్‌సభకు 95 లక్షలు. ఎన్నికల ఖర్చుకు విడిగా బ్యాంకు ఖాతా తెరవాలి. జిల్లా ఎన్నికల అధికారి ధరల పట్టిక ప్రకటిస్తారు. కుర్చీకి ఇంత, షామియానాకు ఇంత, టీకి, భోజనానికి, జీపుకు, మైకుసెట్టుకు ఇంత. అభ్యర్థి ఎంత తక్కువ చూపినా ఆ పట్టిక ప్రకారమే కడతారు. వీడియో బృందం సభకు వెళ్ళి తీసుకొస్తుంది, ఆఫీసులో ఇంకో బృందం కూర్చుని ఆ వీడియోలో కుర్చీలు, బండ్లు, జెండాలు లెక్కపెడుతుంది. అభ్యర్థి పుస్తకానికీ అధికారుల రిజిస్టరుకూ తేడా వస్తే నోటీసు వెళ్తుంది. ఫలితం వచ్చాక 30 రోజుల్లో లెక్క అప్పగించాలి. సరైన కారణం లేకుండా ఎగవేస్తే ఎన్నికల సంఘం మూడేళ్ళ పాటు అనర్హుడిగా ప్రకటించవచ్చు.

ఈ ఏర్పాటులో లోపాలు లేవని కాదు, 40 లక్షలతో ఎవరైనా గెలిచారంటే మీరే నమ్మరు. కానీ సూత్రం గమనించండి. టీ కప్పుకు కూడా ధర కట్టాలన్నంత పట్టుదల ఉన్న చట్టం, 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 77వ సెక్షను, ఫలితం ప్రకటించిన రోజుతో పుస్తకం మూసేస్తుంది. మర్నాటి నుంచి అదే షామియానా, అవే కుర్చీలు, అదే మైకుసెట్టు, అదే మనిషి. నిన్న అభ్యర్థి, నేడు శాసనసభ్యుడు. నిన్నటి కంటే నేడు అతని చేతిలో అధికారం ఎక్కువ. డబ్బు పెట్టేవాడికి నిన్నటి కంటే నేడే అతనితో పని ఎక్కువ. గెలుస్తాడో లేదో తెలియని మనిషికి ఇచ్చేది ఒక రకంగా జూదం. గెలిచిన మనిషికి ఇచ్చేది పెట్టుబడి. సరిగ్గా ఆ పెట్టుబడి మొదలయ్యే రోజునే చట్టం ఇంటికి వెళ్ళిపోతోంది.

ఫలితం తర్వాతి సంబరాన్ని ఎన్నికల సంఘం తాకలేదని ఎవరైనా అంటే 2021 ఏప్రిల్ గుర్తు చేయండి. కోవిడ్ రెండో విడతలో, లెక్కింపుకు కొద్దిరోజుల ముందు, విజయోత్సవ ఊరేగింపులను దేశమంతటా నిషేధించింది. గెలుపు ధ్రువపత్రం తీసుకోవడానికి అభ్యర్థి వెంట ఇద్దరికి మించి రాకూడదంది. ఆరోగ్యం కోసం ఊరేగింపునే ఆపగలిగిన వ్యవస్థ, ఊరేగింపు ఖర్చు ఎంతయిందని అడగలేదా?

పార్టీలకు వేరే నిబంధనలు ఉన్నాయి. 20,000 రూపాయలకు మించి ఇచ్చినవారి జాబితాను పార్టీ ఎన్నికల సంఘానికి ఇవ్వాలి. 2017 నుంచి నగదు విరాళం 2,000 రూపాయలు దాటకూడదు. కంపెనీ పార్టీకి ఇస్తే తన లెక్కల్లో చూపాలి. కంపెనీల చట్టం 182వ సెక్షనులో నాకు చాలా ఇష్టమైన మాట ఒకటి ఉంది. పార్టీ తరఫున వేసే సావనీరులో, కరపత్రంలో కంపెనీ ప్రకటన ఇస్తే అది కూడా రాజకీయ విరాళమేనని ఆ సెక్షను చెబుతుంది. ఆ వాక్యం రాసినవారికి మన సభల సంగతి తెలుసు. సన్మాన సంచికలో ‘శుభాకాంక్షలతో’ అని అచ్చయ్యే పేజీ దేని కోసమో వారికి అర్థమైంది.

కానీ మన మండలంలో సన్మానం చేసేది పార్టీయా? కాదు. అభ్యర్థా? కాదు. కంపెనీయా? అదీ కాదు. ‘ఆహ్వాన సంఘం’ చేస్తుంది. ‘అభిమానులు’ చేస్తారు. ‘మిత్రబృందం’ చేస్తుంది. వీటికి రిజిస్ట్రేషన్ ఉండదు, పాన్ ఉండదు, బ్యాంకు ఖాతా ఉండదు. నెల తిరిగేసరికి సంఘమే ఉండదు. ఇరవై వేల నిబంధన దీనికి వర్తించదు, రెండు వేల నిబంధనా వర్తించదు. పార్టీ ఖాతాలోకి చెక్కు రూపంలో రావలసిన డబ్బు, అభిమానుల పేరిట నోట్ల కట్టలుగా పందిరి కిందకు వస్తే అడ్డేలేదు.

ఈ కంత కొత్తది కాదు. 1974లో కన్వర్‌లాల్ గుప్తా కేసులో సుప్రీంకోర్టు ఒక మాట స్పష్టం చేసింది: అభ్యర్థి గెలుపు కోసం అతని అంగీకారంతో పార్టీ, మిత్రులు పెట్టిన ఖర్చునూ అతని లెక్కలోనే కలపాలి, లేకుంటే పరిమితికి అర్థం లేదు. తీర్పు వచ్చిన కొద్ది వారాల్లోనే ఆర్డినెన్సు తెచ్చి ఆ మాట రద్దు చేశారు. మిత్రుల డబ్బు లెక్కలోకి రాదన్నారు. ఆ వెసులుబాటును చాలామేరకు తీసేయడానికి 2003 దాకా పట్టింది. దాదాపు ముప్పై ఏళ్ళు ఈ దేశంలో ‘అది మావాళ్ళు పెట్టుకున్న ఖర్చండీ’ అనే మాట చట్టబద్ధమైన జవాబు. ఎన్నికల రోజుల్లో ఆ జవాబు ఇప్పుడు చెల్లదు. వేడుకల్లో ఈనాటికీ చెల్లుతోంది.

ఆ జవాబు ఎంతదూరం పోగలదో చెప్పడానికి పక్క రాష్ట్రం చూడాలి. 1995 సెప్టెంబరు 7న చెన్నైలో జయలలిత తన దత్తపుత్రుడి పెళ్ళి చేశారు. అప్పుడామె ముఖ్యమంత్రి. పెళ్ళి పేరు కుటుంబానిది, హంగు ప్రభుత్వానిది. తర్వాత ఆదాయానికి మించిన ఆస్తుల కేసులో ఆ పందిళ్ళు, ఆ భోజనాలు, ఆ స్వాగత తోరణాలు కోర్టు ముందుకు వచ్చాయి. ప్రాసిక్యూషన్ ఆమె లెక్కలో వేసిన పెళ్ళి ఖర్చు ఆరు కోట్ల పైచిలుకు. పెళ్ళికూతురి తరఫువారు పెట్టుకున్నారని, తోరణాలు పార్టీవాళ్ళు అభిమానంతో కట్టుకున్నారని ఆమె వాదన. 2014లో విచారణ కోర్టు మూడు కోట్లకు ఖరారు చేసింది. హైకోర్టు దాన్ని 30 లక్షల లోపుకు దించింది. 2017 ఫిబ్రవరి 14న సుప్రీంకోర్టు విచారణ కోర్టు తీర్పును నిలబెట్టేనాటికి జయలలిత కన్నుమూశారు. ఒకే పెళ్ళి, ఒకే పందిరి, మూడు లెక్కలు, ఇరవై ఒక్కేళ్ళ పైచిలుకు. ఆ రోజు నెల తిరక్కుండా ఖర్చు వివరం దాఖలు చేయాలన్న నిబంధన ఒకటి ఉండి ఉంటే, ఎవరెంత పెట్టారో అప్పుడే తేలేది. పుట్టినరోజు కానుకల సంగతీ అదే కేసులో వచ్చింది. తనకు వచ్చిన రెండు కోట్ల పైచిలుకు కానుకలను న్యాయమైన ఆదాయంగా లెక్కవేయమని ఆమె అడిగారు. పదవిలో ఉన్న మనిషికి అలా వచ్చే కానుకలను న్యాయమైన ఆదాయంగా ఒప్పుకోబోమని సుప్రీంకోర్టు తేల్చింది.

మన తెలుగునేల మీదికి వస్తే, 2017 ఏప్రిల్‌లో తెలంగాణలో ‘గులాబీ కూలీ’ జరిగింది. వరంగల్ బహిరంగసభ ఖర్చు కోసం అప్పటి అధికార పార్టీ టీఆర్‌ఎస్ మంత్రులు, శాసనసభ్యులు, ఎంపీలు కాసేపు కూలిపని చేసి డబ్బు పోగుచేశారు. ఒక మంత్రి ఐస్‌క్రీము అమ్మి కొద్దిసేపట్లో ఏడున్నర లక్షలు సంపాదించినట్టు పత్రికలు రాశాయి. నేను దీన్ని రెండు వైపుల నుంచీ చూస్తాను. ఒక వైపు, ఇది బాహాటంగా జరిగింది. ఎవరు పని చేశారో, ఎవరి కొట్లో చేశారో, ఎంత వచ్చిందో ఫోటోలతో సహా జనానికి తెలిసింది. చీకట్లో సంచులు మారడం కంటే ఇది నయం. ఇంకో వైపు, మంత్రి చేతి ఐస్‌క్రీముకు లక్షలు ఇచ్చినవారు ఐస్‌క్రీము కోసం ఇవ్వలేదు. ఆ ఇచ్చినవారికి ప్రభుత్వంతో ఏ పనులున్నాయో, ఆ ఏడాది ఏ ఫైళ్ళు నడిచాయో కలిపి చూపే కాగితం ఎక్కడా లేదు. పత్రికలో ఫోటో పడినంత మాత్రాన అది లెక్క అయిపోదు. లెక్క అంటే సంతకం చేసి, తప్పయితే శిక్షకు సిద్ధపడి అప్పగించేది.

మన రాష్ట్రంలో అన్ని పార్టీలకూ ఇలాంటి పండుగలున్నాయి. ఎన్టీఆర్ జయంతి మే 28ని కలుపుకుని తెలుగుదేశం మహానాడు జరుపుతుంది, విరాళాలు వేదిక మీదే ప్రకటించే ఆనవాయితీ వారిది. వైఎస్సార్ కాంగ్రెస్ 2022 జూలై 8, 9 తేదీల్లో నాగార్జున విశ్వవిద్యాలయం ఎదుట ప్లీనరీ జరిపింది. అదే ఏడాది మార్చి 14న జనసేన ఆవిర్భావ సభకు ఇప్పటం రైతులు తమ భూములిచ్చారు. డబ్బే విరాళం అనుకుంటాం. సభకు పొలం ఇవ్వడం విరాళమే. ట్రాక్టరు పంపడం, బస్సు పెట్టడం, వంటకు బియ్యం దించడం, ఊరికే మైకు కట్టడం అన్నీ విరాళాలే. ఇప్పటం రైతుల్లాగా పేరు చెప్పుకుని ఇచ్చినవారిని నేను గౌరవిస్తాను. పేరు చెప్పుకోలేని దాత దగ్గరే నా ప్రశ్న.

ఇక గుంటూరు. దీని గురించి కాస్త ఆగి మాట్లాడాలి, ఎందుకంటే అక్కడ ప్రాణాలు పోయాయి. 2023 జనవరి 1న గుంటూరులో ఒక ప్రవాసాంధ్రుడి ఫౌండేషన్ పేదలకు సంక్రాంతి చీరలు, కానుకలు పంచే సభ పెట్టింది. అప్పటి ప్రతిపక్ష నాయకుడు వచ్చి మాట్లాడి వెళ్ళారు. తర్వాత తొక్కిసలాటలో ముగ్గురు మహిళలు చనిపోయారు. దానికి నాలుగు రోజుల ముందు కందుకూరులో రోడ్డు మీది సభలో ఎనిమిది మంది పోయారు. గుంటూరు సభ ఎవరిది? డబ్బు ఫౌండేషన్‌ది, జనం పార్టీ పేరు విని వచ్చినవారు, వేదిక నాయకుడిది. బాధ్యత దగ్గరికి వచ్చేసరికి తలా ఒక వైపు వేలు చూపించారు. ఖర్చు ఎవరిదో ముందే కాగితం మీద ఉంటే, జనాన్ని అదుపు చేసే బాధ్యత ఎవరిదో కూడా ఆ కాగితం మీదే ఉండేది. లెక్క లేని చోట పూచీ కూడా ఉండదు. ఆ ముగ్గురూ చీర కోసం వచ్చిన పేద ఆడవాళ్ళు. ఎవరి ఖర్చుతో, ఎవరి కీర్తి కోసం ఆ వరసలో నిలబడ్డారో వాళ్ళకు తెలియదు.

దానికి ప్రభుత్వం చేసింది జీవో నంబరు 1. రోడ్ల మీద సభలను కట్టడి చేసే ఆ ఉత్తర్వు 2023 జనవరి 2న వచ్చింది, మే 12న హైకోర్టు కొట్టివేసింది. అంతకు ముందు 2022 ఆగస్టులో ప్లాస్టిక్ ఫ్లెక్సీల నిషేధం ప్రకటించారు. ఫ్లెక్సీ దేనితో తయారైందో పట్టించుకున్నాం. సభ ఏ రోడ్డు మీద పెట్టారో పట్టించుకున్నాం. ఆ ఫ్లెక్సీకి, ఆ సభకు డబ్బు ఎవరిచ్చారో మాత్రం ఏ ప్రభుత్వమూ అడగలేదు. ఈనాడు అధికారంలో ఉన్నవారు అడగలేదు, నిన్న ఉన్నవారూ అడగలేదు.

ప్రవాసుల డబ్బు మాట వచ్చింది కనుక ఇంకొక్కటి. గుంటూరు, పల్నాడు నుంచి అమెరికా వెళ్ళిన మన పిల్లలు ఊరి బడికి గదులు కట్టిస్తున్నారు, చేతులెత్తి నమస్కరిస్తాను. భారత పాస్‌పోర్టు ఉన్నంతకాలం వారి సొంత డబ్బు విదేశీ విరాళం కిందకు రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నాక వస్తుంది. 2010 విదేశీ విరాళాల నియంత్రణ చట్టం అభ్యర్థులకు, పార్టీలకు, శాసనసభ్యులకు అలాంటి డబ్బు అందకూడదంటుంది. కానీ అది అభిమాన సంఘం చేతికి వచ్చి సన్మానంగా మారితే ఎవరు పసిగట్టాలి?

ఆ అమెరికాలో ఈ విషయానికి సరాసరి ఒక నిబంధన ఉంది. అక్కడ అధ్యక్షుడి ప్రమాణస్వీకారానికి సంబంధించిన విందులు, ఊరేగింపులు, నృత్యోత్సవాలు ప్రైవేటు విరాళాలతో జరుగుతాయి. దానికొక కమిటీ ఏర్పడుతుంది. 200 డాలర్లు, ఆ పైన ఇచ్చిన ప్రతి ఒక్కరి పేరూ, మొత్తమూ వేడుక తర్వాత 90 రోజుల్లో ఫెడరల్ ఎన్నికల సంఘానికి అప్పగించాలి. విదేశీయుల నుంచి తీసుకోకూడదు. ఇది మంచి నిబంధన, సగం నిబంధన కూడా. ఎందుకంటే వచ్చింది చెప్పమంటుంది, ఖర్చు చెప్పమనదు. ఎంతైనా ఇవ్వవచ్చు, గరిష్ఠ పరిమితి లేదు. 2009లో ఒబామా తనంతట తాను 50,000 డాలర్ల పరిమితి పెట్టుకుని కంపెనీల డబ్బు వద్దన్నారు. 2017లో ట్రంప్ కమిటీకి సుమారు 10 కోట్ల 70 లక్షల డాలర్లు వచ్చాయి. ఆ డబ్బులో కొంత ట్రంప్ హోటలుకే అధిక అద్దెగా పోయిందని వాషింగ్టన్ నగర అటార్నీ జనరల్ దావా వేస్తే, 2022లో 7,50,000 డాలర్లు కట్టి రాజీ చేసుకున్నారు, తప్పు మాత్రం ఒప్పుకోలేదు. 2025లో సుమారు 23 కోట్ల 90 లక్షల డాలర్లు వచ్చాయి. ఇచ్చింది ఏ కంపెనీలో ప్రపంచమంతా చదివింది. పేరు బయటపడితే ఇవ్వడం ఆగిపోతుందని ఎవరూ అనుకోవద్దు. ఇచ్చిన కంపెనీకి రేపు ఏ అనుమతి దొరికిందో పక్కన పెట్టి చూసే అవకాశం పౌరుడికి వస్తుంది. నాకు అది చాలు. మన నిబంధన రాసేటప్పుడు ఖర్చు కూడా చేర్చి రాద్దాం.

పరాయి దేశం పోలిక ఎందుకని అడిగేవారికి మన దేశపు కాగితమే చూపిస్తాను. 1964లో కేంద్ర ప్రభుత్వం మంత్రుల ప్రవర్తనా నియమావళి తెచ్చింది. కేంద్ర మంత్రులకూ, రాష్ట్ర మంత్రులకూ వర్తించేది. రాజకీయం కోసమైనా, దానధర్మం కోసమైనా మంత్రి స్వయంగా గానీ కుటుంబసభ్యుల ద్వారా గానీ విరాళాలు తీసుకోకూడదని అందులో ఉంది. ఏ సంస్థ కోసమో ఎవరైనా డబ్బుసంచీ చేతికిస్తే వీలైనంత త్వరగా ఆ సంస్థకు చేర్చాలని ఉంది. తన గౌరవార్థం ఇచ్చే ఆడంబరపు విందులకు సాధ్యమైనంత వరకు వెళ్ళవద్దని కూడా ఉంది. ఇది అరవై ఏళ్ళ కిందటి మాట. క్రేనుకు వేలాడదీసిన గజమాలలు, జేసీబీల మీద నుంచి పూలవానలు చూస్తున్న మన తరానికి ఆ నియమావళి చదివి వినిపించాలి. దాని బలహీనత ఒక్కటే, ఉల్లంఘిస్తే శిక్ష లేదు. కోర్టులో అడగలేం. చేస్తానని ఒప్పుకున్న మాటకు ఆత్మాభిమానం తప్ప వేరే కాపలా లేదు.

అంతకన్నా వెనక్కు పోతే, మనవాళ్ళే చేసి చూపిన పద్ధతి ఒకటుంది. 1929 ఏప్రిల్, మే నెలల్లో గాంధీ ఆంధ్రదేశమంతా తిరిగారు, దేశభక్త కొండా వెంకటప్పయ్యగారు ఆ యాత్రకు అండ. ప్రతి ఊళ్ళో స్వాగతం, సన్మానపత్రం, ఖద్దరు నిధికి డబ్బుసంచీ. అచ్చంగా ప్రైవేటు డబ్బుతో జరిగిన రాజకీయ వేడుకలు అవి. ఆ యాత్ర నడుస్తుండగానే ‘యంగ్ ఇండియా’ పత్రికలో ఏ ఊరు ఎంత ఇచ్చిందో ఊరి పేరుతో సహా అచ్చయింది. వారం వారం ముందు వచ్చిన మొత్తం చెప్పి, దాని కింద కొత్త ఊళ్ళు చేర్చేవారు. ఇచ్చిన ఊరివాడు పత్రిక తెరిచి తమ ఊరి డబ్బు చేరిందో లేదో చూసుకోగలిగాడు. సన్మానపత్రాలకు ఖరీదైన చట్రాలు కట్టించడాన్ని గాంధీ తప్పుపట్టారు, ఆ చట్రాలను వేదిక మీదే వేలం వేసి ఆ డబ్బునూ నిధిలో కలిపేవారు. కంప్యూటరు లేదు, ఆన్‌లైను లేదు, ఊళ్ళకు రోడ్లే లేవు. తొంభై ఏళ్ళు దాటాక, ప్రతి చేతిలో ఫోను ఉన్న రోజున, మండల స్థాయి సన్మానానికి లెక్క రాయడం కష్టమంటే నేను ఒప్పుకోను.

ఇక ఏం చేయాలి? పోలీసు అనుమతితో ముడిపెడదామని కొందరంటారు. నేను ఒప్పుకోను. అనుమతి ఇచ్చే చేతికే లెక్క అడిగే అధికారం ఇస్తే, ఎవరు అధికారంలో ఉంటే వారు ఎదుటివారి సభలను ఆపడానికి దాన్ని వాడతారు. జీవో 1 విషయంలో జనానికి వచ్చిన భయం అదే. సభ జరగనివ్వండి, తర్వాత లెక్క అడగండి. పదవిలో ఉన్న మనిషి లేదా పార్టీ పదాధికారి ముఖ్య అతిథిగా, లేదా వారి గౌరవార్థం జరిగే ఏ వేడుకకైనా ఒక బాధ్యుడి పేరు, ఒక బ్యాంకు ఖాతా ఉండాలి. వేడుక అయిన 30 రోజుల్లో వచ్చింది, ఖర్చయింది, మిగిలింది రాసిన కాగితం జిల్లా ఎన్నికల అధికారికి అందాలి. ఎన్నికల్లో వాడే ధరల పట్టికతోనే సరిచూడాలి. ఆ పట్టిక ఉంది, ఆ సిబ్బంది ఉన్నారు, చేతికి పని చెప్పడమే తరువాయి. ఉచితంగా ఇచ్చిన బండికీ, పొలానికీ, బియ్యానికీ ధర కట్టాలి. ఎన్నికల కరపత్రం మీద అచ్చువేసినవాడి పేరు, వేయించినవాడి పేరు ఉండాలని ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఏ సెక్షను ఎలా చెబుతుందో, పుట్టినరోజు ఫ్లెక్సీ మీద కూడా డబ్బు పెట్టినవాడి పేరు అలాగే ఉండాలి. ప్రభుత్వంతో కాంట్రాక్టు ఉన్నవాడు ఇవ్వకూడదు, అంతే. దీనికి మినహాయింపు వద్దు.

పల్నాడులో ఒక అభ్యంతరం న్యాయమైనది, దాన్ని దాటేయను. పేరు బయటపెడితే ఎదుటి వర్గం పగబడుతుంది. ఈ జిల్లాలో ఆ భయం ఎంత నిజమో 2024 పోలింగు రోజున, ఆ తర్వాతి రోజుల్లో మాచర్ల, నరసరావుపేట చూసినవారికి చెప్పనక్కర్లేదు. ఎన్నికల బాండ్ల కేసులో కేంద్ర ప్రభుత్వం చెప్పిన వాదన కూడా ఇదే: దాతను కక్ష నుంచి కాపాడాలి. 2024 ఫిబ్రవరి 15న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ పథకాన్ని కొట్టివేసింది. పెద్ద మొత్తాలు ఇచ్చేవారు విధానాలనే మార్చగలరు కనుక ఓటరుకు తెలుసుకునే హక్కు ఉందంది. చిన్న దాత రాజకీయ అభిప్రాయాన్ని రహస్యంగా ఉంచుకునే హక్కునూ గుర్తించింది. నేను ఆ దారిలోనే నడుస్తాను. వంద, ఐదు వందలు, వెయ్యి ఇచ్చిన అభిమాని పేరు వద్దు, మొత్తం చాలు. మండల స్థాయి వేడుకకు 5,000 దాటితే పేరు ఉండాలి. పార్టీలకున్న ఇరవై వేల హద్దు ఒక మండల సన్మానానికి మరీ పెద్దది. ఆ హద్దు కింద చిన్న చిన్న ముక్కలు చేసి దాచేయడం తేలిక. ఇంకోటి, పేరు చెప్పాల్సి వస్తుందంటే బలవంతపు వసూలు తగ్గుతుంది. ‘నా పేరు కాగితం మీద పడుతుందండీ, ఇవ్వలేను’ అని తప్పించుకునే మర్యాదైన దారి చిన్న వ్యాపారికి దొరుకుతుంది. ఈ నిబంధన అందరికంటే ముందు అతని కోసమే.

పార్టీలు తమంతట తాము లెక్క ఇస్తాయా? 2013 జూన్ 3న కేంద్ర సమాచార కమిషన్ ఆరు జాతీయ పార్టీలను సమాచార హక్కు చట్టం పరిధిలోకి తెచ్చింది. ఒక్కటీ ఆ ఉత్తర్వు పాటించలేదు. అందుకే పై నుంచి వస్తుందని కూర్చుంటే లాభం లేదు. సమాచార హక్కు ఎక్కడిదాకా వచ్చి ఆగుతుందో ఇక్కడే చూడండి. మన ఊరి పక్కన పిడుగురాళ్ళ వైపు నుంచి వచ్చే కొత్త రైలుమార్గం గుంటూరు–గుంతకల్లు లైనును కలుస్తుంది. ఆ కొత్త మార్గం మీద పెట్టిన డబ్బుకు రైల్వేశాఖ లెక్క ఉంది. సమాచార హక్కు కింద పది రూపాయలు కట్టి శావల్యాపురం రైతు అడగవచ్చు. ఆ లైను తెచ్చామని ఎవరైనా సన్మానం చేయించుకుంటే మాత్రం, ఆ సన్మానం ఖర్చు అడగడానికి ఆ రైతుకు హక్కు లేదు. కోట్ల రూపాయల పనికి లెక్క ఉండి, దాని పేరిట వేసిన పందిరికి లెక్క లేకపోవడం ఏం ధర్మం?

నా విన్నపం ఇక్కడ కూర్చున్నవారికే. శావల్యాపురం మండలంలో ఈసారి ఏ పార్టీవారు ఏ నాయకుడికి సన్మానం చేసినా ఆహ్వాన సంఘంలో ఉండబోయేది మీరే. చట్టం వచ్చేదాకా ఆగవద్దు. ఆహ్వానపత్రిక మీద బాధ్యుడి పేరు వేయండి. డబ్బు ఒక్క ఖాతాలోనే తీసుకోండి. వేడుక అయిన నెలలోపు జమా ఖర్చుల కాగితం పంచాయతీ ఆఫీసు నోటీసు బోర్డు మీద అంటించండి. సన్మానం అందుకునే నాయకుడిని కూడా ముందే అడగండి, లెక్క అతికిస్తామంటే వస్తారా అని. రానంటే ఆ సన్మానం మానుకోండి.